వనరాజా, గ్రామప్రియ: గుడ్లకు ఏది మేలు?

వానలు మొదలవగానే దేవరకొండ చుట్టుపక్కల ఊళ్ల నుంచి నాకు ఒకే ప్రశ్న వస్తుంది: "పెరట్లో పది పెట్టలు పెంచుదామనుకుంటున్నాం, వనరాజా తెచ్చుకోవాలా, గ్రామప్రియా?" రెండూ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించినవే. రెండూ పెరటి మేతతో బతికే రంగు కోళ్లే. నా లెక్కలో తేడా అంతా ఒంటి బరువులోనే ఉంది.

ఆరు నెలలకు వనరాజా పెట్ట రెండు కిలోలు దాటుతుంది, గ్రామప్రియ రెండు లోపే ఆగుతుంది. పెరట్లో గుడ్లు మాత్రం ఏడాదికి వనరాజా 100-110, గ్రామప్రియ 160-180 పెడతాయి. కోడి తిన్న మేత ముందు దాని ఒంటికి సరిపోవాలి, మిగిలిందే గుడ్డవుతుంది. ఒళ్లు పెరిగినకొద్దీ ఆ మిగులు తగ్గుతుంది.

అంతకన్నా పెద్ద చిక్కు కొవ్వు. మిర్యాలగూడ మిల్లు నూకలు చవకగా దొరికాయని ఒక ఏడాది నా వనరాజా పెట్టలకు పొద్దస్తమానం నూకలే పోశాను. నిగనిగలాడాయి, చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. గంప ఎత్తితే గుడ్డు కనపడేది కాదు. ఒకదాన్ని కోసి చూస్తే గుడ్ల గుత్తి చుట్టూ పసుపుపచ్చని కొవ్వు ముద్దలుగా పేరుకుని ఉంది. అప్పటి నుంచి సాయంత్రం గుప్పెడు నూకలే వేసి, పగలంతా చెదలు, గడ్డి గింజలు ఏరుకోవడానికి వదిలేస్తున్నాను. వారానికోసారి కొక్కెం తక్కెడకు వేలాడదీసి, గుడ్లు మొదలయ్యే నాటికి రెండుంపావు కిలోలు మించకుండా చూస్తాను. చేత్తోనూ తెలుస్తుంది: గుడ్లు పెట్టే పెట్టకు తోక కింది రెండు ఎముకల మధ్య రెండు మూడు వేళ్లు పడతాయి. గుడ్లు ఆగినదానికి ఒక వేలు పట్టడమే కష్టం.

ఇంట్లో పిల్లలకు రోజూ గుడ్డు పెట్టాలంటే గ్రామప్రియే తెచ్చుకోండి. ఇంత కాపలా దానికి అక్కర్లేదు. ఒళ్లు తేలిక కాబట్టి గద్ద నీడ పడగానే చెంగున కంప కిందికి దూరుతుంది. పుంజులను దసరాకు అమ్ముకోవాలనుకునే వారికి వనరాజా నయం.

కడక్‌నాథ్‌ను మాంసం ధర కోసం పెంచుతారు, గుడ్ల కోసం వద్దు. అసీల్ గుడ్లు ఏడాదికి మూడు నాలుగు పదులే. అయినా ఒక నాటు పెట్టను ఉంచుకోండి. వనరాజా, గ్రామప్రియ రెండూ పొదుగుకు కూర్చోవు. వాటి గుడ్లను నాటు పెట్ట కింద పెట్టి పొదిగించినా, పుట్టే పిల్లల్లో తల్లి గుణం అంతగా నిలవదు. అందుకే గుడ్ల కోసమైతే ప్రతిసారీ కొత్త పిల్లలనే తెచ్చుకోవాలి, మొదటి ఆరు వారాలు బల్బు వెచ్చదనంలో ఉంచాలి, కొక్కెర తెగులు టీకా వేయించాలి.