పాత ఫియట్‌కి మూడు కాళ్ల ఫ్లాషర్: మూడేళ్లు వాడాక

మాది 1991 మోడల్ ప్రీమియర్ పద్మిని, ఏపీ 36 బండి. హనుమకొండలో ఇప్పటికీ అందరూ దాన్ని ఫియట్ అనే అంటారు. బాపు కొన్నది, ఇప్పుడు నేను నడుపుతున్న. దీనికి ఎలక్ట్రానిక్ ఫ్లాషర్, అంటే ఇండికేటర్ లైట్లను వెలిగించి ఆర్పి కొట్టించే డబ్బా, వేసి మూడేళ్లు దాటింది. వస్తువు మంచిదే. కానీ దాన్ని కొనే ముందు నేను చేసిన తప్పు మీరు చేయొద్దని ఇది రాస్తున్న.

మొదట ఎడమ ఇండికేటర్ వేస్తే కొట్టుకునేది కాదు. సన్నగా వెలిగి అట్లనే ఉండిపోయేది. కుడివైపు బాగానే కొట్టేది. ఎలక్ట్రీషియన్ అన్న చూడంగనే "ఫ్లాషర్ పోయింది సార్, కొత్తది ఏద్దాం" అన్నడు. వేసిండు. వారం బాగుంది, మళ్లీ అదే కథ. ఇట్ల ఏడాదిలో మూడు ఫ్లాషర్లు మారినయ్. ఒక పక్క సరిగ్గా కొడుతున్నదంటే ఫ్లాషర్ బాగున్నట్టే కదా, రెండు పక్కలకూ ఉన్నది అదొక్కటే కదా అనే మాట ఆ మూడింట్ల ఒక్కసారీ నాకు తట్టలేదు.

పాత డబ్బా ఫ్లాషర్లో ఉండేది వేడికి వంగే రేకు. రెండు 21 వాట్ల బల్బులు లాగే కరెంటు, అంటే దగ్గర దగ్గర మూడున్నర ఆంపియర్లు పారితేనే అది సరిగ్గా వేడెక్కి వంగుతుంది, చల్లారి తిరిగి వస్తుంది. కరెంటు తగ్గితే రేకు వంగదు, లైటు కొట్టుకోదు. మా బండిలో కరెంటు ఎక్కడ తగ్గుతున్నదో బాపే పట్టిండు. ఓ రాత్రి వాకిట్ల వెనక నిలబడి "ఇండికేటర్ ఏస్తే పక్కన ఎర్ర లైటు గూడ మినుకుమంటుందేందిరా?" అన్నడు. అదే గుట్టు. వెనక ఎడమ బల్బు హోల్డర్‌కి ఎర్త్ (కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగిపోయే దారి) సరిగ్గా అందక, కరెంటు పార్కింగ్ లైటు తీగలోంచి దొంగదారి పట్టింది. డిక్కీ తెరిచి, బాడీకి బిగించిన స్క్రూ విప్పితే కింద అంతా తుప్పే. గరుకు కాయితంతో రుద్ది, కొత్త స్క్రూ బిగించి, పైన ఇంత వాజిలైన్ రాసిన. ఖర్చు పది రూపాయలు కూడా కాలేదు. మీటర్ ఉన్నోళ్లు ఇండికేటర్ వెలుగుతున్నప్పుడే హోల్డర్ బాడీ నుంచి బ్యాటరీ నెగెటివ్‌కి పెట్టి చూడండి. పాయింట్ రెండు వోల్టులు దాటి చూపిస్తే ఎర్త్ మీద అనుమానం పెట్టుకోవాల్సిందే.

మరి ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ ఎందుకు వేసినట్టు? హజార్డ్ కోసం, అంటే బండి ఆగిపోతే నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి కొట్టడానికి. మా బండికి ఆ స్విచ్చే లేదు, బయట దొరికేది పెట్టించిన. 2022 మేడారం జాతర నుంచి తిరిగొస్తుంటే ములుగు దాటినంక ఫ్యాన్ బెల్టు తెగింది. రోడ్డు పక్క చీకట్ల, జనం బండ్లు ఒకదాని వెనక ఒకటి. నాలుగు లైట్లు వేసిన. పాత ఫ్లాషర్ పిచ్చి పట్టినట్టు గబగబా కొట్టి, అరగంటలో చల్లబడ్డది. రెండు బల్బులకు లెక్కగట్టిన రేకు మీద నాలుగు బల్బులు, ఏడు ఆంపియర్లు వేస్తే ఇంకేమైతది. మిగిలిన సేపు మా తమ్ముడు వెనక సెల్ఫోన్ లైటు ఊపుకుంటా నిలబడ్డడు.

కొత్తదానికి మూడు కాళ్లు: ఒకటి బ్యాటరీ వైపు, ఒకటి స్విచ్ వైపు, మూడోది ఎర్త్. పాత రెండు కాళ్లదానికి తీగలు అటుఇటు మారినా పట్టింపు లేదు, దీనికి ఉంది. ఎర్త్ ఇవ్వకపోతే కదలదు. రెండు బల్బులైనా నాలుగైనా ఒకే వేగం. మొన్న లెక్కపెట్టిన, నిమిషానికి 82 సార్లు. నియమం 60 నుంచి 120 లోపల, కాబట్టి ఫిట్‌నెస్‌కి ఇబ్బంది లేదు. ఒక బల్బు పోతే రెట్టింపు వేగంతో కొట్టి చెప్తుంది, అది నాకు బాగా నచ్చింది. నచ్చనిది చప్పుడు. పాతది టక్కు టక్కుమని గట్టిగా వినపడేది, ఇది పళ్లు కొరికినట్టు సన్నగా. మా స్టీరింగ్ తిప్పితే ఇండికేటర్ పుల్ల తానే వెనక్కి రావడం ఎప్పుడో మానేసింది. అందుకని ఒకరోజు కాజీపేట నుంచి సుబేదారి దాకా ఎడమ ఇండికేటర్ వేసుకునే వచ్చిన.

నడుమ ఎల్‌ఈడీ బల్బుల మోజు కూడా తీర్చుకున్న. ఎడమకి వేస్తే నాలుగూ కొట్టినయ్! మా మీటర్ బోర్డులో ఇండికేటర్ గుడ్డిదీపం ఒక్కటే. దాని ఒక కొస ఎడమకి, ఇంకో కొస కుడికి. మామూలు బల్బులున్నప్పుడు అవతలి పక్క ఫిలమెంటే దానికి ఎర్త్. ఎల్‌ఈడీకి ఆ కాస్త కరెంటే చాలు, అదీ వెలిగి కూర్చుంటుంది. (హజార్డ్ వేసినప్పుడు ఆ దీపం అసలు వెలగకపోవడానికీ కారణం ఇదే, రెండు కొసలా పన్నెండు వోల్టులే.) కరెంటును ఒకే దిక్కు పోనిచ్చే డయోడ్లు రెండు పెట్టి, దీపం రెండో కొస బాడీకి ఇస్తే తీరుతుంది. నేనైతే బల్బులే తీసేసిన. ఆరెంజ్ అద్దం వెనక తెల్ల ఎల్‌ఈడీ మధ్యాహ్నం ఎండలో ఆనదు.

2023 జులై వానలకు వెనక లైట్లలో నీళ్లు చేరినా ఫ్లాషర్‌కి ఏమీ కాలేదు. పోయిన చలికాలం మాత్రం రెండు పక్కలా ఇండికేటర్లు బందైనయ్, హజార్డ్ మాత్రం కొడుతున్నది. మా వైరింగులో ఇండికేటర్ కరెంటు హజార్డ్ స్విచ్ గుండా పోతుంది, ఆ లోపలి పాయింట్లే నల్లబడ్డయ్. స్విచ్ పదిసార్లు ఒత్తితే రెండు రోజులు నడిచేది. విప్పి తుడిస్తే నెల. చివరికి స్విచ్చే మార్చిన. హజార్డ్ వాడకుండా ఉంచితేనే ఈ గతి, నెలకోసారన్నా ఒత్తుతుండాలి. అట్లని చౌరస్తాలో నేరుగా పోవడానికి నాలుగు లైట్లూ వేసేటోళ్ల లెక్క కాదు. పక్క నుంచి వచ్చేటోనికి ఒక వైపు లైటే కనపడ్తది, మీరు తిరుగుతున్నరనే అనుకుంటడు.

ఫ్లాషర్ ధర నాకు నూట ఎనభై పడ్డది. స్పేర్‌గా ఇంకోటి కొని డాష్‌బోర్డు అరలో పెట్టిన, ఇంకా కవర్ చింపలేదు. ఇప్పుడు కుడి ముందు హోల్డర్‌లో స్ప్రింగు వదులైంది, గుంతలో పడ్డప్పుడల్లా ఆ పక్క గబగబా కొడుతున్నది. ఆదివారం దాని పని.