పదేళ్లు గిట్‌హబ్‌ వాడాక: తాళం నయం, బాట్‌తోనే బాధ

గిట్‌హబ్‌లో కోడ్ దాచుకోవడం గురించి చాలామంది రాశారు. నేను రాసేది ఇష్యూల గురించి, అంటే కోడ్‌లో తప్పుందని అక్కడ పెట్టే ఫిర్యాదుల గురించి. ఓపెన్ సోర్స్ లైబ్రరీలో (అందరూ తీసి వాడుకునే కోడ్‌లో) ఫలానా తప్పుందని చెప్పబోతే ఏమవుతుందో పదేళ్లుగా చూస్తున్నాను.

ఇష్యూకి తాళం వేసే సౌకర్యం 2014లో వచ్చింది. కారణం కూడా ఎంచుకోవచ్చు: విషయానికి సంబంధం లేదు, వాదన వేడెక్కింది, పరిష్కారమైంది, స్పామ్. ఆ తర్వాత రిపోలో (ఆ ప్రాజెక్టు కోడ్ ఉండే చోట) రాసే హక్కున్నవాళ్లు తప్ప ఇంకెవరూ కామెంట్ పెట్టలేరు. మొదట్లో ఇది నోరు నొక్కడమే అనుకునేవాణ్ణి. ఇప్పుడు అంత కోపం లేదు. కనీసం ఒక మనిషి చదివి వేసిన తాళం అది.

పాత ఇష్యూల్ని తనంతట తానే మూసే స్టేల్ బాట్ అనే ప్రోగ్రాంతోనే నా పేచీ. మామూలు సెట్టింగులో 60 రోజులు అలికిడి లేకపోతే పాతబడిందని లేబుల్ అంటిస్తుంది, మరో 7 రోజులు చూసి మూసేస్తుంది. తప్పు మాత్రం ఎక్కడిదక్కడే.

ఒక పీడీఎఫ్ లైబ్రరీలో తెలుగు ఒత్తులు విరిగిపోతున్నాయని స్క్రీన్‌షాట్‌తో సహా ఇష్యూ పెట్టాను. రసీదు మీద ‘లక్ష్మి’ కాస్తా ‘లక్‌ష్‌మి’ అయి కూర్చునేది. కస్టమరు పేరండీ అది! మనుషులెవరూ పలకలేదు, బాట్ పలికింది. ‘ఇంకా అలాగే ఉంది’ అని రాసి బతికించాను. రెండు నెలలకి మళ్లీ అదే తంతు. మూడోసారి ఒళ్లు మండి, ‘ఇంగ్లీషు అక్షరాలు విరిగితే ఇలాగే ఊరుకుంటారా?’ అనేశాను. గంటలో తాళం పడింది, వేడెక్కిందట. ఆరు నెలల్లో మనిషన్నవాడి నుంచి నాకందిన జవాబు అదొక్కటే.

అటువైపు బాధ కూడా తెలియనిది కాదు. జీతంభత్యం లేకుండా రాత్రిళ్లు కూర్చుని చేసేవాళ్లే ఎక్కువ. విమర్శ ముసుగులో వచ్చేదంతా విమర్శ కూడా కాదు. 2022లో ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్లను కుదించే ఓపెన్ సోర్స్ టూల్ నిర్వాహకుణ్ణి ‘పని సాగట్లేదు, ఇంకొకరికి అప్పగించు’ అని అంతకుముందు ఎవరూ వినని పేర్లు పోరుపెట్టాయి. చివరికి పగ్గాలందుకున్న ఖాతాయే అందులో బ్యాక్‌డోర్, అంటే దొంగదారి, పెట్టింది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ (దూరంగా ఉన్న కంప్యూటర్లోకి ప్రవేశించడం) అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తవ్వబట్టి 2024 మార్చిలో బయటపడింది. అందుకే నిర్వాహకులు తాళం వేస్తే తప్పుపట్టను. చదవకుండా మూసే బాట్‌కి మాత్రం ఒక్క స్టార్ కూడా ఇవ్వను.

ఒత్తుల సంగతా? అక్షరాల్ని సరిగ్గా కూర్చే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీతో నేనే కూర్చుకుంటున్నాను. ఆ ఇష్యూకి ఇప్పటికీ తాళమే. గూగుల్లో వెతికి అక్కడికొచ్చినవాళ్లు కామెంట్ పెట్టే దారి లేక నా ప్రొఫైల్ పట్టుకుని మెయిల్ చేస్తుంటారు: ‘అన్నా, ఒత్తులు ఎలా అతికించావు?’