సోప్రానో శాక్సాఫోన్‌కి యమహా 4సీ మౌత్‌పీస్: మూడు నెలలు ఊదాక

సత్యనారాయణపురంలో మా డాబా మీదే నా సాధన. సోప్రానోతో (శాక్సాఫోన్లలో చిన్న రకం) పాటు వచ్చిన పేరులేని మౌత్‌పీస్‌తో, అంటే నోట పెట్టుకుని ఊదే ముక్కతో, పై స్వరాలు కీచుమనేవి. కుక్కర్ కూత అనుకుని మా ఆవిడ రెండుసార్లు పొయ్యి కట్టేసింది. అందుకే యమహా 4సీ కొన్నాను. ప్లాస్టిక్కే, ఎబొనైట్ (గట్టి రబ్బరు) కాదు. కొస దగ్గర మౌత్‌పీస్‌కీ, దానికి బిగించే పలుచని రెల్లు పలక రీడ్‌కీ మధ్య సందు తక్కువ కాబట్టి మెత్తని 2వ నంబరు రీడ్ కొద్దిపాటి ఊపిరికే పలుకుతోంది.

శ్రుతి మాత్రం దానంతటది కుదరదు. సోప్రానోలో పెదవి కాస్త బిగిస్తే చాలు, స్వరం పైకి ఎక్కేస్తుంది. మౌత్‌పీస్‌ని శాక్సాఫోన్ పైకొసకి చుట్టిన కార్కు మీద లోపలికి తోస్తే శ్రుతి పెరుగుతుంది, బయటికి లాగితే తగ్గుతుంది. శ్రుతి చూపించే ట్యూనర్ చూసుకుంటూ సరైన చోట పెన్సిల్‌తో గీత పెట్టుకున్నా. కార్కుకి గ్రీజు మరవకండి.

జాజ్‌కి వెడల్పు సందువి బాగుంటాయని షాపతను ఊరించాడు. మెట్లెక్కితేనే ఆయాసపడే నాకు అవెందుకు! కొనేటప్పుడు సోప్రానోదే అడగండి, అంతకన్నా పెద్ద రకమైన ఆల్టో శాక్సాఫోన్‌ది దీనికి పట్టదు.