సాకర్ ఏఎమ్: మ్యాచ్‌కి ముందు సోఫా కబుర్లు

బర్మింగ్‌హామ్‌లో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో మా అద్దె ఇంట్లో ఆరుగురం, టీవీ ఒకటే. శనివారం పొద్దున రిమోట్ ఇంగ్లీషు కుర్రాడిది. మనమా, పక్కా క్రికెట్ బ్యాచ్. అలా వేరే దారి లేక వాడు పెట్టే సాకర్ ఏఎమ్ చూడటం మొదలుపెట్టి, చివరికి ఇడ్లీ ప్లేటు పట్టుకుని వాడికంటే ముందే కూర్చునే స్థితికి వచ్చాను.

ఈ షో బ్రిటన్ స్పోర్ట్స్ ఛానల్ స్కై స్పోర్ట్స్‌లో 1994 నుంచి 2023 మే దాకా నడిచింది. ఫుట్‌బాల్ షోనే కానీ ఆట గురించి పాఠాలు చెప్పేవారు కాదు. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్‌లు టీవీలో లైవ్ వెయ్యరు, చిన్న క్లబ్బుల స్టేడియాలకి జనం రారని ఎప్పుడో 1960ల్లో పెట్టుకున్న కట్టుబాటు అది. కాబట్టి మ్యాచ్ చూడాలంటే ఇల్లు కదలాల్సిందే, బయల్దేరేలోపు చూసుకునే ప్రోగ్రాం ఇదన్నమాట. యాంకర్ హెలెన్ చాంబర్లేన్ కూడా మాంచెస్టరో లివర్‌పూలో కాదు, టార్కీ యునైటెడ్ అనే చిన్న క్లబ్ అభిమాని! 1995 నుంచి 2017 దాకా ఆవిడే నడిపింది. పక్కన టిమ్ లవ్‌జాయ్ ఉన్న కాలమే (1996-2007) నా లెక్కలో బెస్ట్, అదంతా తర్వాత క్లిప్పుల్లో వెతుక్కుని చూశాను.

క్రాస్‌బార్ ఛాలెంజ్ ఒక్కటి చాలు. ఒక క్లబ్ ప్లేయర్లంతా ప్రాక్టీస్ గ్రౌండ్‌లో వరసగా వస్తారు, మధ్య గీత దగ్గర నుంచి కొట్టి గోల్‌పోస్ట్ పైన అడ్డంగా ఉండే బార్‌కి బంతి తగిలించాలి, తలా ఒక్క ఛాన్సే. పేరున్న స్ట్రైకర్ బాదింది ఎక్కడో కంచె అవతల పడుతుంది, వెనకాలే గోల్‌కీపర్ వచ్చి ఠంగుమనిపిస్తాడు, ఇక మిగతావాళ్ల ఎగతాళి చూడాలి. థర్డ్ ఐ కూడా సరదాగా ఉండేది, మ్యాచ్ వీడియోల్లో వెనకాల జరిగే వింతలు ప్రేక్షకులే పట్టి పంపేవారు.

నచ్చనిది సాకరెట్ సెగ్మెంట్. వారానికో అమ్మాయికి జెర్సీ వేసి కుర్రాళ్ల ముందు నడిపించేవారు. తర్వాత ఎత్తేశారు, మంచి పని చేశారు. పాత ఎపిసోడ్లు ఇంట్లోవాళ్ల ముందు పెడితే మాత్రం రిమోట్ చేతిలోనే ఉంచుకోండి.

ఆఖరి ఏళ్లలో పస తగ్గింది. శుక్రవారమే ఫోన్‌లో చూసేసిన క్లిప్ శనివారం మళ్లీ వేస్తే ఎవరు నవ్వుతారు? అయినా మాజీ ఫుట్‌బాలర్ జిమ్మీ బులార్డ్ యాంకర్‌గా వచ్చాక కొంత ఊపొచ్చింది. ఆడే రోజుల్లోనే అతనో అల్లరి మనిషి. 2008లో మాంచెస్టర్ సిటీ గ్రౌండ్‌లో హల్ సిటీ మేనేజర్ ఫిల్ బ్రౌన్ హాఫ్‌టైమ్‌లో టీమ్ మొత్తాన్ని మైదానంలోనే కూర్చోబెట్టి చివాట్లు పెట్టాడు, మరుసటేడు అదే గ్రౌండ్‌లో బులార్డ్ హల్ తరఫున పెనాల్టీ గోల్ కొట్టి, తోటి ప్లేయర్లు కింద కూర్చుంటే వేలు చూపిస్తూ మేనేజర్ వేషం వేశాడు. అసలు తిట్లు పడ్డ రోజున అతను ఆ టీమ్‌లోనే లేడు!