ఎస్పీ రోడ్డు రూటింగ్ సర్వీసు: డబ్బులిచ్చి చేయించుకోవచ్చా?

బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ మార్కెట్ సందుల్లో 'ఎఫ్‌ఆర్‌పీ, ప్యాటర్న్ లాక్, డెడ్ బూట్, రూట్' అన్నీ ఒకే ఫ్లెక్సీ మీద రాసుకున్న కౌంటర్లు ఉంటాయి. ఎఫ్‌ఆర్‌పీ అంటే రీసెట్ చేశాక పాత గూగుల్ ఖాతా అడిగే లాక్, డెడ్ బూట్ అంటే ఆన్ కాని ఫోన్‌ని లేపడం, రూట్ అంటే కంపెనీ తన దగ్గరే ఉంచుకున్న పూర్తి అధికారాన్ని ఫోన్ మీద మనం తీసుకోవడం. చిక్కపేట మెట్రోలో దిగి నడిస్తే చాలు. కన్నడం రాకపోయినా తెలుగులో బేరం సాగిపోతుంది. రేటు బోర్డు మాత్రం వెతక్కండి, మోడల్ చూసి, కాస్త మీ మొహం చూసి చెబుతారు. మా మాట ముందే చెప్పేస్తాం: రోజూ వాడే ఫోన్‌ని రూట్ చేయించడానికైతే ఆ డబ్బు దండగ. చచ్చిన ఫోన్‌ని లేపించడానికైతే నిక్షేపంగా వెళ్ళొచ్చు.

కౌంటర్ వెనక జరిగే పని ఏమిటంటే, ముందు బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ అవగానే ఆండ్రాయిడ్‌ని మొదలుపెట్టే, మార్చిన సాఫ్ట్‌వేర్‌ని అడ్డుకునే చిన్న ప్రోగ్రామ్) అన్‌లాక్ చేస్తారు, తర్వాత ఫోన్ స్టార్ట్ అవడానికి వాడే బూట్ ఇమేజ్ ఫైల్‌ని మ్యాజిస్క్‌తో ప్యాచ్ చేస్తారు, అంటే మారుస్తారు, దాన్ని ఫాస్ట్‌బూట్‌లో (కంప్యూటర్ నుంచి నేరుగా ఫోన్‌లోకి ఫైల్ రాసే మోడ్) ఫ్లాష్ చేస్తారు, అంటే ఎక్కిస్తారు. మ్యాజిస్క్ 2016లో జాన్ వూ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ టూల్, పైసా ఖర్చు లేదు. సిస్టమ్ పార్టిషన్‌ని ముట్టుకోకుండా బూట్ ఇమేజ్‌ని మాత్రమే మార్చడం దాని గొప్ప. కాబట్టి మీరు డబ్బిచ్చేది కౌంటర్ అబ్బాయి జాగ్రత్తకే. ఆ జాగ్రత్త ఉందో లేదో తేలేది ప్యాచ్ చేసే దగ్గర.

ప్యాచ్ చేయాల్సిన ఫైల్ మీ ఫోన్ సెట్టింగ్స్‌లో కనిపించే బిల్డ్ నంబర్‌కి అక్షరం పొల్లుపోకుండా సరిపోయే ఫర్మ్‌వేర్ (కంపెనీ ఇచ్చే ఫోన్ సాఫ్ట్‌వేర్) నుంచి తీయాలి. హడావుడి కౌంటర్లలో నిన్న ఇంకెవరి ఫోన్ కోసమో ప్యాచ్ చేసి డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఫైలునే, మోడల్ ఒకటే కదా అని ఎక్కించేస్తారు. ఫోన్ ఆన్ అవుతుంది, పైకి అంతా బాగానే ఉంటుంది, కానీ వైఫై బటన్ నొక్కితే వెంటనే వెనక్కి పడిపోతుంది, ఒక్కోసారి సౌండూ ఉండదు. కెర్నల్ (ఆండ్రాయిడ్ మూల ప్రోగ్రామ్) ఒక బిల్డ్‌ది, వైఫై, సౌండ్ లాంటివి నడిపే దాని మాడ్యూల్స్ ఇంకో బిల్డ్‌వి కావడమే కారణం. ఇంకో పొరపాటు ఇనిట్ బూట్ అనే వేరే ఫైల్ దగ్గర. ఆండ్రాయిడ్ 13తోనే మార్కెట్‌లోకి వచ్చిన ఫోన్లలో సాధారణంగా ప్యాచ్ చేయాల్సింది ఇనిట్ బూట్ ఇమేజ్. పాత ఫోన్‌కి 13 అప్‌డేట్ వచ్చినంత మాత్రాన ఈ లెక్క మారదు. పిక్సెల్ 7కి ఇనిట్ బూట్, పిక్సెల్ 6కి మామూలు బూట్. తప్పు ఫైల్ ఎక్కి ఫోన్ లోగో దగ్గరే తిరుగుతుంటే కంగారు పడక్కర్లేదు, ఒరిజినల్ ఇమేజ్‌ని తిరిగి ఫ్లాష్ చేస్తే లేస్తుంది. అందుకే డబ్బులిచ్చే ముందు ఆ ఒరిజినల్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో ఇమ్మని అడగండి. ఇవ్వడానికి నసిగితే అక్కడ చేయించవద్దు. 'సింగిల్ క్లిక్' అంటూ కింగ్‌రూట్ లాంటి యాప్ తీస్తే ఇంకో మాట లేకుండా లేచి రండి. అవి పాత ఆండ్రాయిడ్ లోపాల మీద నడిచిన యాప్‌లు. ఫోన్ మీద పెత్తనం మీకు ఇవ్వవు, తమ దగ్గరే పెట్టుకుంటాయి.

అన్‌లాక్ చేసిన క్షణాన ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, దీనికి మినహాయింపు లేదు. ఫోటోలు, వాట్సాప్ బ్యాకప్ అందరికీ గుర్తుంటాయి. మరిచిపోయేది లాగిన్‌కి అడిగే అథెంటికేటర్ యాప్ కోడ్‌లు. అవి అకౌంట్‌కి సింక్ కాకపోయి ఉంటే గల్లంతే. యూపీఐ యాప్‌లన్నింట్లో మళ్ళీ ఎస్ఎంఎస్ వెరిఫికేషన్ చేసుకోవాలి, కాబట్టి సిమ్‌లో ఎస్ఎంఎస్ పంపే బ్యాలెన్స్ ఉందో లేదో చూసుకోండి.

అన్ని ఫోన్లూ అన్‌లాక్ కావు. పిక్సెల్‌కి సులువు: బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కి, డెవలపర్ ఆప్షన్స్‌లో ఓఈఎమ్ అన్‌లాకింగ్ ఆన్ చేసి, ఫాస్ట్‌బూట్‌లో ఒక్క కమాండ్. షావోమీకి మీ షావోమీ అకౌంట్‌ని ఫోన్‌కి కట్టి మామూలుగా కొన్ని రోజులు ఆగాలి. 'పది నిమిషాల్లో చేసిస్తా' అనే వాడు దొడ్డిదారి టూల్ వాడుతున్నట్టే లెక్క. వివో ఫోన్లకి కంపెనీ దారే ఇవ్వదు. సామ్‌సంగ్ సంగతి వేరు. మార్చిన ఇమేజ్ ఎక్కగానే నాక్స్ అనే సామ్‌సంగ్ భద్రతా వ్యవస్థ ఫ్యూజ్ ఒకటి పడిపోతుంది. అది హార్డ్‌వేర్‌లోదే కాబట్టి తర్వాత కంపెనీ సాఫ్ట్‌వేర్ వేయించినా మామూలు కాదు, సెక్యూర్ ఫోల్డర్ ఇక ఆ ఫోన్‌లో శాశ్వతంగా పనిచేయదు. పైగా సామ్‌సంగ్ సాఫ్ట్‌వేర్ వన్ యూఐ 8 నుంచి అన్‌లాక్ ఆప్షన్‌నే తీసేశారు.

ఇంత పెట్టుకుంటే దక్కేది ఏమిటి? కొన్ని నిజంగా మంచివే. యాప్‌లని వాటి డేటాతో సహా నియో బ్యాకప్ లాంటి వాటితో దాచుకోవచ్చు. 'ఈ కాల్ రికార్డ్ అవుతోంది' అని గూగుల్ డయలర్ అరవకుండా రికార్డ్ చేసుకోవచ్చు. పాత ఫోన్‌ని ఛార్జర్‌కి వదిలేసి సీసీ కెమెరాగానో హాట్‌స్పాట్‌గానో వాడేవాళ్ళకి ఛార్జింగ్ కంట్రోలర్ బాగా అక్కరకొస్తుంది, కావలసిన శాతం దగ్గర ఛార్జింగ్ ఆపేస్తే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం తగ్గుతుంది. ఈ ఒక్క పని కోసం పాత ఫోన్ రూట్ చేస్తామంటే మేమే చేయమంటాం.

కానీ కౌంటర్‌కి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అడిగేవి రూట్ లేకుండానే అయ్యే పనులు. కంపెనీ దూర్చిన యాప్‌లు పోవాలా? కంప్యూటర్ నుంచి ఫోన్‌కి కమాండ్లు పంపే ఏడీబీ టూల్‌తో ఆ యూజర్‌కి అన్‌ఇన్‌స్టాల్ చేయొచ్చు, కంప్యూటర్ లేకపోతే ఆండ్రాయిడ్ 11 పైన వైర్‌లెస్ డీబగ్గింగ్‌తో అదే పనికి వీలిచ్చే షిజుకు యాప్ నడుస్తుంది (ఫోన్ రీస్టార్ట్ అయ్యాక చాలా ఫోన్లలో దాన్ని మళ్ళీ ఆన్ చేయాల్సి వస్తుంది, అదొక్కటే విసుగు). యాడ్స్ గోల తగ్గాలంటే ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న ప్రైవేట్ డీఎన్ఎస్ (ఫోన్ వెబ్ అడ్రస్‌లు ఎవరిని అడగాలో చెప్పే సెట్టింగ్)లో యాడ్‌గార్డ్ అడ్రస్ వేస్తే చాలా యాప్‌ల్లో పోతాయి. యూట్యూబ్‌లో పోవు. కొత్త ఆండ్రాయిడ్ కావాలని రూట్ అడిగేవాళ్ళూ ఉన్నారు. లినేజ్ ఓఎస్ (ఫోన్ కంపెనీది కాని ఉచిత ఆండ్రాయిడ్) వేసుకోవడానికి అన్‌లాక్ ఉంటే చాలు, రూట్ అక్కర్లేదు.

ఇక పోయేవాటి లెక్క. ఆటో దిగినా, టెంకాయ తాగినా స్కాన్ చేసే ఊళ్ళో మొదటి దెబ్బ బ్యాంకు యాప్‌ల మీదే పడుతుంది. ఇలాంటి యాప్‌లు అడిగే గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ అనే పరీక్ష ఫోన్‌కి మూడు స్థాయిల్లో సర్టిఫికెట్ ఇస్తుంది: బేసిక్, డివైస్, స్ట్రాంగ్. బూట్‌లోడర్ అన్‌లాక్ అయితే చాలు, రూట్ చేయకపోయినా డివైస్, స్ట్రాంగ్ రెండూ పోతాయి. కౌంటర్ అబ్బాయి ఏవో మాడ్యూల్స్ వేసి, పేమెంట్ యాప్ తెరిచి 'చూడండి సార్, వస్తోంది' అని చూపిస్తాడు. అబద్ధం కాదు, ఆ పూటకి వస్తుంది. అతను వేసింది ఎక్కడో లీకైన ఇంకో ఫోన్ కీబాక్స్, అంటే ఫోన్ అసలుదని గూగుల్‌కి రుజువు చేసే డిజిటల్ తాళాల ఫైల్. గూగుల్ దాన్ని రద్దు చేసిన రోజు మీ యాప్ ఆగిపోతుంది, ఆ రోజు మీరు ఏ పెట్రోల్ బంకులో ఉంటారో మీ అదృష్టం. 2025 మేలో గూగుల్ ఆండ్రాయిడ్ 13, ఆపై ఫోన్లకి డివైస్ స్థాయికీ హార్డ్‌వేర్ సాక్ష్యం అడగడం మొదలుపెట్టాక ఈ దాగుడుమూతలు ఇంకా కష్టమయ్యాయి. ఆఫీసు మెయిల్, టీమ్స్ ఫోన్‌లో పెట్టుకున్న ఐటీ వాళ్ళకి ఇంకో తలనొప్పి: కంపెనీ పాలసీలో రూట్ చెక్ ఉంటే ఆ ఖాతా ఫోన్‌లోంచి తీసేస్తారు.

వైడ్‌వైన్ (వీడియో కాపీ కాకుండా చూసే గూగుల్ తాళం) ఎల్1 నుంచి ఎల్3కి పడే ఫోన్లలో నెట్‌ఫ్లిక్స్ 480పీ దగ్గర ఆగిపోతుంది. నెలనెలా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్ మామూలుగా ఎక్కదు. మ్యాజిస్క్‌లో ఇమేజ్‌లు రీస్టోర్ చేసి, అప్‌డేట్ వేసి, రీస్టార్ట్ నొక్కకుండా వెనక్కి వచ్చి 'ఇన్‌స్టాల్ టు ఇనాక్టివ్ స్లాట్' (అప్‌డేట్ ఎక్కిన రెండో భాగాన్ని ప్యాచ్ చేయడం) చేయాలి. ప్రతిసారీ ఇదే తంతు, దీనికోసం ఎస్పీ రోడ్డుకి తిరగలేరు. అన్నిటికన్నా ప్రమాదం, విసిగిపోయి బూట్‌లోడర్‌ని తిరిగి లాక్ చేయబోవడం. మార్చిన ఇమేజ్ లోపల ఉండగా లాక్ చేస్తే ఫోన్ 'డివైస్ కరప్ట్' అని నిలబడిపోతుంది. ముందు పూర్తి కంపెనీ ఫర్మ్‌వేర్, తర్వాతే లాక్.

ఐఎమ్‌ఈఐ (ప్రతి ఫోన్‌కీ ఉండే గుర్తింపు నంబర్) విషయంలో మొహమాటం వద్దు. 'పనిలో పనిగా ఐఎమ్‌ఈఐ మారుస్తా' అనే కౌంటర్‌లో ఒక్క నిమిషం కూడా ఉండకండి. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం దానికి మూడేళ్ళ వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. పని అయ్యాక *#06# నొక్కి వచ్చిన నంబర్‌ని బాక్స్ మీద నంబర్‌తో పోల్చుకోండి.

మరి ఈ కౌంటర్లు దేనికి పనికొస్తాయంటే, పాడైన ఫోన్ దగ్గర. 2018లో రెడ్‌మీ నోట్ 5 ప్రోలో షావోమీ యాంటీ రోల్‌బ్యాక్ (పాత సాఫ్ట్‌వేర్‌కి వెనక్కి వెళ్ళనివ్వని అడ్డు) తెచ్చినప్పుడు, పాత ఫర్మ్‌వేర్ వేసి ఫోన్‌ని ఇటుకరాయి చేసుకున్నవాళ్ళు బోలెడు మంది. స్క్రీన్ నల్లగా, ఛార్జింగ్ బొమ్మ కూడా రాదు, కంప్యూటర్‌కి పెడితే మాత్రం 'క్వాల్‌కామ్ 9008' అని కనిపిస్తుంది, అంటే చిప్ అత్యవసర మోడ్‌లో ఉందని. అలాంటప్పుడు అవసరమైతే వెనక డోర్ తీసి, బోర్డు మీద టెస్ట్ పాయింట్ రెండు చుక్కల్ని ట్వీజర్‌తో కలిపి, సరైన లోడర్ ఫైల్‌తో ఫర్మ్‌వేర్ రాయాలి. ఇది ఇంట్లో కుదిరే పని కాదు, లైసెన్స్ టూల్స్ కొనాలి, చెయ్యి తిరగాలి. ఆ పనికి వాళ్ళు అడిగింది ఇవ్వొచ్చు. వెళ్ళేటప్పుడు బిల్లు, బాక్స్ పట్టుకెళ్ళండి, లాక్ ఉన్న ఫోన్ మీదేనని చూపమని మంచి కౌంటర్ అడుగుతుంది. ఆదివారాలు ఎస్పీ రోడ్డులో చాలా షట్టర్లు దించే ఉంటాయి.