ఎస్టేట్ కారుకి బయటి కంపెనీ షాక్‌లు: కొన్నేళ్లు వాడాక నా అనుభవం

మా స్కోడా ఆక్టేవియా కాంబీకి ముందు కేవైబీ ఎక్సెల్-జీ, వెనక సాక్స్ షాక్ అబ్జార్బర్లు వేయించి కొన్నేళ్లయింది. బండి రోజూ తిరుగుతుంది, సెలవులొస్తే నిండా మనుషులతో, సామానుతో దూరాలు వెళ్తుంది. మళ్ళీ మార్చాల్సి వస్తే ఇవే వేయిస్తాను. అయితే ఈ రెండు పేర్లు చూసి వెంటనే ఆర్డర్ పెట్టేయకండి. ఇదే కంపెనీ షాక్‌ని తప్పు పార్ట్ నంబరుతో కొన్నా, పాత మౌంట్ల (షాక్‌ని బాడీకి పట్టి ఉంచే ముక్కల) మీదే బిగించినా నాకొచ్చిన ఫలితం మీకు రాదు. బ్రాండ్ దగ్గర డబ్బు మిగుల్చుకోవచ్చు. నంబరు దగ్గర, చిల్లర సామాను దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు.

బండి గురించి రెండు ముక్కలు. రెండో తరం ఆక్టేవియా, ఎస్టేట్ మోడల్, అంటే పైకప్పు వెనక దాకా సాగి పెద్ద డిక్కీ ఉండే రకం. సీట్లు నిలబెట్టి ఉంటే డిక్కీ 580 లీటర్లు, మడిస్తే 1,620. అంత చోటిచ్చాక ఎవరైనా ఖాళీగా ఉంచుతారా? మడత మంచం దగ్గర్నుంచి పిల్లల సైకిల్ దాకా అన్నీ ఎక్కుతాయి. ఆ బరువులో చాలా భాగం వెనక ఇరుసు మీదా, దాని వెనకా పడుతుంది. ఒక్కడే నడుపుకుంటూ ఆఫీసుకి వెళ్ళే రోజుకీ, ఐదుగురు ఎక్కి డిక్కీ నిండిన రోజుకీ వెనక షాక్ చేయాల్సిన పని పూర్తిగా వేరు. ఎస్టేట్‌కి షాక్ ఎంచుకోవడంలో ఉన్న తిరకాసంతా ఇదే.

మేము కొనేసరికే వెనక రెండూ ఎవరో మార్పించినవి. పేరు పెద్దగా వినని, బాగా చవకరకం. ముందువి బండితో పాటు వచ్చినవే. ఖాళీగా నడిపినప్పుడు పెద్ద తేడా తెలిసేది కాదు. లోడ్ పడితే మాత్రం అసలు రంగు బయటపడేది. స్పీడ్ బ్రేకర్ దిగాక వెనక భాగం ఒకసారి కాదు, రెండు మూడు సార్లు పైకీ కిందకీ ఊగేది. హైవే మీద లేన్ మారితే బండి మొదట పక్కకి వంగి, ఆ తర్వాత తీరిగ్గా సర్దుకునేది. రాత్రిళ్ళు హెడ్‌లైట్ల వెలుగు రోడ్డు మీద నిలిచేది కాదు. నేను డిమ్‌లోనే ఉన్నా ఎదుటివాళ్ళు లైట్లు కొట్టేవాళ్ళు. వెనక సీట్లో కూర్చునే మా అమ్మకి దూర ప్రయాణమంటేనే వికారం. వెనక టైర్ల మీద అడ్డంగా అరచెయ్యి పెట్టి తిప్పితే ఎత్తుపల్లాలు చేతికి తగిలేవి. షాక్ చచ్చిపోయి చక్రం రోడ్డు మీద ఎగురుతూ వెళ్తే టైరు అలాగే అరుగుతుంది.

బానెట్ మూల నొక్కి వదిలి ఎన్నిసార్లు ఊగుతుందో చూసే పరీక్ష ఉంది కదా, దాన్ని నమ్ముకోకండి. పూర్తిగా పోయిన షాక్‌ని అది పట్టిస్తుంది కానీ సగం పోయినదాన్ని పట్టించదు. మా బండి ఆ పరీక్షలో దర్జాగా పాసయింది.

విప్పాక చూస్తే అసలు సంగతి తెలిసింది. వెనక షాక్‌ని నిటారుగా పట్టుకుని రాడ్‌ని లోపలికి నెట్టాను. మొదట కొంచెం బిగువుగా దిగింది, మధ్యలో ఒకచోట ఏ అడ్డూ లేకుండా జర్రున జారింది, మళ్ళీ బిగువు. చెయ్యి తీస్తే రాడ్ తిరిగి పైకి రాలేదు. అంటే లోపలి గ్యాస్ ఎప్పుడో పోయింది, ఆయిల్ తగ్గింది. రాడ్ మీద గొట్టం మూతి దగ్గర నల్లటి జిగురు, దాని మీద దుమ్ము పేరుకుపోయి ఉంది. దానికి తొడిగిన బంప్ స్టాప్, అంటే షాక్ పూర్తిగా కుంగినప్పుడు దెబ్బ ఆపే మెత్తటి ముక్క, వేళ్ళతో నొక్కగానే పొడి పొడి అయింది. నిండు లోడ్‌తో గుంతలో పడినప్పుడు వెనక నుంచి దబ్బుమని వచ్చే చప్పుడు దీనివల్లే.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి. బండి బరువు మోసేది స్ప్రింగ్, షాక్ కాదు. స్ప్రింగ్ ఊగకుండా అదుపు చేయడమే షాక్ పని. లోడ్ వేస్తే వెనక భాగం బాగా కుంగిపోతోందంటే ముందు అనుమానించాల్సింది స్ప్రింగ్‌ని. గ్యాస్ షాక్ రాడ్‌ని కొద్దిగా పైకి నెడుతుంది నిజమే, కానీ ఆ కొద్దిపాటి బలంతో కుంగిన స్ప్రింగ్ లేవదు. మా బండి ఎత్తుని సమతలం మీద రెండు పక్కలా కొలిపించాను, స్ప్రింగులు బాగానే ఉన్నాయని తేలాకే షాక్‌ల జోలికి వెళ్ళాను.

దీనికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది, అదీ ఎస్టేట్ బండ్లలోనే ఎక్కువ. కొన్ని ఎస్టేట్లకి, ఉదాహరణకి కొన్ని వోల్వోలకి, వెనక నివోమాట్ అనే రకం వస్తుంది. సాక్స్ తయారీయే. బండి కదులుతుంటే రోడ్డు కుదుపులతోనే తనలో తాను ఆయిల్ పంపు చేసుకుని, కుంగిన వెనక భాగాన్ని మళ్ళీ పైకి లేపుతుంది. అది బరువులో కొంత తనే మోస్తుంది కాబట్టి దానికి జతగా మెత్తటి స్ప్రింగులు పెడతారు. ఖరీదెక్కువని దాన్ని తీసేసి మామూలు షాక్ పెడితే ఆ మెత్తటి స్ప్రింగులు ఒంటరిగా మిగిలి, బండి వెనక కూలబడుతుంది. మామూలు షాక్‌కి మారాలంటే స్ప్రింగులు కూడా మార్చి తీరాలి. మా బండికి ఆ గొడవ లేదు. మీ బండికి ఉందో లేదో కొనేముందే చూసుకోండి.

ఇక నంబరు సంగతి. ఒకే మోడల్, ఒకే ఏడాది అయినా షాక్ ఒకటే అని కాదు. సెడాన్‌కి ఒకటి, ఎస్టేట్‌కి ఒకటి, స్పోర్ట్ సస్పెన్షన్‌కి ఒకటి, గతుకు రోడ్ల ప్యాకేజీకి ఇంకొకటి ఉంటాయి. స్కోడా కూడా ఉన్న ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు బండ్లలో డిక్కీ అడుగున స్టెప్నీ దగ్గర ఒక స్టిక్కర్ ఉంటుంది, నిండా చిన్న చిన్న కోడ్‌లు. అందులో సస్పెన్షన్ రకం చెప్పే కోడ్ పట్టుకుంటే సగం పని అయినట్టే. సర్వీస్ పుస్తకంలోనూ అదే స్టిక్కర్ అతికించి ఉంటుంది. ముందు స్ట్రట్‌కి, అంటే స్ప్రింగ్‌తో కలిపి ఒకటే ముక్కగా ఉండే ముందు షాక్‌కి, ఇంకో మెలిక ఉంది. ఈ కోవ బండ్లలో గొట్టం బయటి వ్యాసం కొన్నింటికి 50 మిల్లీమీటర్లు, కొన్నింటికి 55. వెబ్‌సైట్‌లో మోడల్ పేరు కొడితే రెండూ వస్తాయి, తప్పుది వస్తే చక్రం దగ్గరి బిగింపులో కూర్చోదు. విప్పకముందే వెర్నియర్ కాలిపర్‌తో కొలవడం అన్నిటికన్నా మేలు. అమ్మేవాడు "అన్నిటికీ సరిపోతుంది" అంటే అక్కడి నుంచి వచ్చేయండి.

రకాల దగ్గరికి వస్తే, ఉత్త ఆయిల్ షాక్ చవక, మెత్తగా ఉంటుంది. గతుకుల మీద ఎడతెరిపి లేకుండా పనిచేస్తే ఆయిల్‌లో గాలి కలిసి నురగ కడుతుంది, పట్టు తగ్గుతుంది. ట్విన్ ట్యూబ్ (గొట్టంలో గొట్టం) గ్యాస్ రకంలో తక్కువ ఒత్తిడితో నైట్రోజన్ నింపుతారు, నురగ బాగా తగ్గుతుంది. కుటుంబం తిరిగే ఎస్టేట్‌కి నా ఓటు దీనికే. ఒకే గొట్టం ఉండే మోనో ట్యూబ్‌లో గ్యాస్ ఒత్తిడి చాలా ఎక్కువ, 20 నుంచి 30 బార్ల దాకా ఉంటుంది. వేడిని బాగా తట్టుకుంటుంది, పట్టు గట్టిగా ఉంటుంది, ధరా అంతే గట్టిది. బిల్‌స్టీన్ బీ6 లాంటివి ఈ కోవలోకి వస్తాయి. ట్రెయిలర్ లాగేవాళ్ళకి, ఎప్పుడూ లోడ్‌తోనే తిరిగేవాళ్ళకి ఆ ఖర్చు న్యాయమే. మాకు అక్కర్లేదనిపించింది. అదే కంపెనీ బీ4 మామూలు వాడకానికి, బండితో వచ్చిన షాక్ స్థానంలో వేసుకోవడానికి చేసింది. ఈ రెండిటికీ తేడా తెలియకుండా "బిల్‌స్టీన్" అని మాత్రమే అడిగితే ఏది అంటగడతారో చెప్పలేం.

మన్రో, సాక్స్, కేవైబీ, బిల్‌స్టీన్ బీ4 ఈ నాలుగింటి మధ్యే చూశాను. సాక్స్ ఇప్పుడు జెడ్ఎఫ్ గ్రూపులో భాగం. యూరప్ కార్ల కంపెనీలకి తయారీలోనే సరఫరా చేస్తుంది. కేవైబీ జపాన్ కార్లకి అలాగే. కాబట్టి వీటిని నాసిరకం బయటి సామానుగా చూడక్కర్లేదు. కారు కంపెనీ బ్యాడ్జీ ఉన్న పెట్టెకీ వీటి పెట్టెకీ ధరలో మాత్రం పెద్ద తేడా ఉంటుంది. వెనకకి సాక్స్ ఎంచుకోవడానికి కారణం ఒక్కటే, ఎస్టేట్‌కి విడిగా నంబరు స్పష్టంగా చూపించింది వాళ్ళ జాబితాలోనే. ముందుకి కేవైబీ ఎందుకంటే మౌంట్, బేరింగ్, డస్ట్ బూట్ (రాడ్‌కి దుమ్ము పట్టకుండా తొడిగేది) అన్నీ అదే పేరు మీద ఒకేసారి దొరికాయి. ముందొక కంపెనీ, వెనకొక కంపెనీ పెట్టకూడదా అని అడిగేవాళ్ళున్నారు. ఒకే ఇరుసు మీద కుడికొకటి, ఎడమకొకటి పెట్టకూడదు. అంతే. ఒకటి కారినా ఆ ఇరుసుకి రెండూ మార్చాల్సిందే.

ముందు మౌంట్లు, వాటి బేరింగులు, బంప్ స్టాప్‌లు, డస్ట్ బూట్లు, వెనక పై మౌంట్లు, మళ్ళీ వాడకూడదని చెప్పిన బోల్టులు, అన్నీ కొత్తవే తీసుకున్నాను. మొత్తం బిల్లులో వీటి వాటా చిన్నదే. విప్పే కూలి ఎలాగూ ఒకటే. డస్ట్ బూట్ లేకపోతే మట్టి రాడ్‌కి అంటుకుని గొట్టం మూతి దగ్గరి సీల్‌ని కొరికేస్తుంది, ఆ తర్వాత ఎంత మంచి షాక్ అయినా కారుతుంది. ముందువి మార్చాక స్టీరింగ్ తిప్పితే టక్కుమందంటే చాలాసార్లు షాక్ తప్పు కాదు, పాత మౌంట్ బేరింగ్‌దే.

బిగించే రోజు దగ్గరుండండి. ట్విన్ ట్యూబ్‌ని పెట్టెలోంచి తీసి నేరుగా బిగించకూడదు. నిటారుగా పట్టుకుని పూర్తిగా లోపలికీ బయటికీ కొన్నిసార్లు లాగాలి, పడుకోబెట్టి ఉంచినప్పుడు లోపల తప్పుచోట చేరిన గాలి సర్దుకుంటుంది. రాడ్ తిరక్కుండా పై నుంచి ఆలెన్ కీతో పట్టుకోవాలి. కటింగ్ ప్లయర్‌తో రాడ్‌నే పట్టేవాళ్ళున్నారు, ఆ గీత పడిందంటే సీల్ ఆయుష్షు తీరినట్టే. మా దగ్గర జరిగిన తప్పు వేరు. మెకానిక్ బండి లిఫ్ట్ మీద, చక్రాలు వేలాడుతుండగానే వెనక షాక్ కింది బోల్టు బిగించేశాడు. అలా చేస్తే బండి దించాక బోల్టు చుట్టూ ఉండే బుష్‌లో రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. త్వరగా చిరిగిపోతుంది, కిర్రుమంటుంది. బోల్టు వదులు చేయించి, చక్రం కింద ఆసరా పెట్టి బండి నిలబడే ఎత్తుకి తెప్పించాకే మళ్ళీ బిగింపించాను. అతను కాస్త విసుక్కున్నాడు, పర్లేదు. ముందు స్ట్రట్లు మార్చాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. స్ప్రింగ్‌ని నొక్కి పట్టే కంప్రెసర్ వాడటం రానివాళ్ళు మాత్రం ముందు స్ట్రట్లని ఇంట్లో విప్పొద్దు, బిగిసిన స్ప్రింగ్ ఎగిరితే ప్రాణం మీదకొస్తుంది.

ఇక వాడకం. మొదటి కొన్ని వారాలు బండి గట్టిపడినట్టు అనిపించింది, చిన్న గతుకులు సీటుకి తెలిసేవి. పాత మెత్తదనం అలవాటైపోయి ఉండటం కూడా కారణమేమో. తర్వాత అది కొంత తగ్గింది కానీ పోలేదు, ఖాళీ బండిలో నెమ్మదిగా పోతుంటే ముందు భాగం ఇప్పటికీ కాస్త బిర్రుగానే ఉంటుంది. పట్టుబట్టి మెత్తగా కావాలనుకునేవాళ్ళకి ఇది నచ్చకపోవచ్చు. లోడ్ పడ్డప్పుడు మాత్రం బండి వేరే బండిలా ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ దిగితే వెనక ఒక్కసారి కుదురుకుని ఆగుతుంది. గట్టిగా బ్రేక్ వేస్తే ముక్కు అంతగా దిగదు. పెద్ద లారీని దాటేటప్పుడు గాలి తోపుకి టెన్షన్ పడి స్టీరింగ్ గట్టిగా పట్టుకునే అలవాటు పోయింది. అమ్మ వెనక సీట్లో నిద్రపోతోంది, ఇంతకన్నా సాక్ష్యం నాకు అక్కర్లేదు. తర్వాత వేసిన టైర్లు సమంగానే అరుగుతున్నాయి.

మన్రో వాళ్ళు 80,000 కిలోమీటర్లకి షాక్‌లు మార్చమంటారు. అమ్ముకునేవాళ్ళ మాట కాబట్టి కొంచెం తగ్గించుకుని వినాలి, కానీ పూర్తిగా కొట్టిపారేయలేం. షాక్ ఒక్కరోజులో పోదు, మెల్లగా పోతుంది, మనమూ దానికి అలవాటు పడిపోతాం. అందుకే సర్వీసుకి ఇచ్చిన ప్రతిసారీ కింద నుంచి ఫొటోలు తీయించి దాచుకుంటున్నాను, పాతదాని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

పోయినసారి తీసిన ఫొటోలో వెనక కుడివైపు సీల్ చుట్టూ పలచటి తడి కనిపించింది. రాడ్‌కి ఎప్పుడూ అంటి ఉండే ఆయిల్ పొర వల్ల ఆపాటి చెమ్మ మామూలే. గొట్టం మీదుగా ఆయిల్ కిందకి కారుతుంటే మార్చాలి. కింది భాగం పొడిగానే ఉంది, కాబట్టి ఇప్పటికి తాకట్లేదు. అది కిందకి జారిన రోజు వెనకవి రెండూ ఇదే నంబరుతో, కొత్త మౌంట్లతో వేయిస్తాను. ముందువాటి జోలికి అప్పుడే వెళ్ళను.