ఫ్రీక్వెన్సీ, డ్యూటీ సైకిల్ విడివిడిగా మార్చుకోవచ్చని అమ్ముతున్న 555 మాడ్యూల్‌తో జాగ్రత్త

ఫ్రెండ్స్, 555 పల్స్ మాడ్యూల్ (555 అనే టైమర్ ఐసీతో కరెంటుని గబగబా ఆన్, ఆఫ్ చేసే చిన్న బోర్డు) ఆర్డర్ పెట్టబోయేవాళ్ళు ఒక్క ఐదు నిమిషాలు ఆగి ఇది చదవండి. నేను మోసపోయాను, ఇంకొకళ్ళు మోసపోకూడదని రాస్తున్నా.

మా అమ్మ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది, మోటారు పెట్టిన మిషను. సూది దగ్గర 12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్ అతికించి, వెలుగు కావాల్సినంత తగ్గించుకునేలా చేసిద్దామని ఆన్‌లైన్‌లో 180 రూపాయలకి ఆ మాడ్యూల్ తెప్పించా. టైటిల్లోనే పెద్దగా ఫ్రీక్వెన్సీ (సెకనుకి ఎన్నిసార్లు ఆన్, ఆఫ్ అవ్వాలో), డ్యూటీ సైకిల్ (ప్రతిసారీ ఎంత శాతం సేపు ఆన్‌లో ఉండాలో, ఇది తగ్గితే వెలుగు తగ్గుతుంది) రెండూ విడివిడిగా అడ్జస్ట్ చేసుకోవచ్చని ఉంది, బోర్డు మీద చూస్తే రెండు నీలం ప్రీసెట్లు (స్క్రూడ్రైవర్‌తో తిప్పి మార్చే రెసిస్టర్లు) ఉన్నాయి, ఇంక నమ్మకుండా ఎలా ఉంటాం చెప్పండి. ఔట్‌పుట్‌కి మాస్ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) పెట్టి స్ట్రిప్ కలిపేశా.

సగం వెలుగు వరకు బాగానే ఉంది. ఇంకా తగ్గించి మిషను తొక్కగానే, కదులుతున్న సూది ఒకటి కాదు, నాలుగైదు సూదుల్లా విడిపోయి కనిపించింది. "ఏంట్రా ఇది, సూది ఎక్కడ దిగుతుందో తెలీట్లేదు" అని అమ్మ గబుక్కున చెయ్యి లాగేసుకుంది. ఇంకొంచెం ఆలస్యమైతే వేలు సూది కింద పడేది. నా బాధ 180 రూపాయల గురించి కాదు, దీని గురించే.

మల్టీమీటర్ హెర్ట్జ్‌లో పెట్టి చూశా. డ్యూటీ 50 శాతం దగ్గర 330 హెర్ట్జ్ ఉన్నది, 10 శాతానికి తెచ్చేసరికి 65కి పడిపోయింది. మిషను సెకనుకి 15 కుట్లు వేస్తుంటే లైటు 65 సార్లు వెలిగి ఆరుతోంది, సూది అలా కనిపించక ఏమవుతుంది.

బోర్డు తిప్పి ట్రాకులు చూస్తే విషయం తెలిసింది. ఒక ప్రీసెట్ కెపాసిటర్ ఛార్జింగ్ దారిలో ఉంది, రెండోది డిశ్చార్జింగ్ దారిలో. అంటే ఒకటి ఆన్ టైము మారుస్తుంది, రెండోది ఆఫ్ టైము మారుస్తుంది, ఏది తిప్పినా మొత్తం టైము మారుతుంది కాబట్టి ఫ్రీక్వెన్సీ, డ్యూటీ రెండూ కదులుతాయి. లెక్క కూడా సరిపోయింది, 0.22 మైక్రోఫారడ్ కెపాసిటర్‌తో రెండు వైపులా 10 కిలో ఓమ్‌లు ఉంటే 328 హెర్ట్జ్, డిశ్చార్జ్ వైపు 90 కిలో ఓమ్‌లకి పెంచితే 66. పీస్ పాడైందని కాదు, డిజైనే అంత. మళ్ళీ లిస్టింగ్ తీసి ఫొటోలన్నీ జూమ్ చేసి చూస్తే నాలుగో ఫొటో కింద చీమ తలకాయంత అక్షరాల్లో డ్యూటీ మారిస్తే ఫ్రీక్వెన్సీ మారుతుంది అని రాసుంది!

అమ్మినాయన్ని అడిగితే "పని చేస్తోంది కదా సార్, ప్రాజెక్ట్ ఐటమ్స్‌కి రిటర్న్ లేదు" అన్నాడు. అది కుదరదు. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే సెల్లర్ వెనక్కి తీసుకోనని అనకూడదు. ముందు లిస్టింగ్ స్క్రీన్‌షాట్ తీసుకోండి, తర్వాత నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వండి. నేను ఇచ్చాను.

ఇప్పటికే కొనేసినవాళ్ళకి, ఒక్క డ్యూటీ మారితే చాలనుకుంటే ఒకే పాట్ (నాబ్‌తో తిప్పే మూడు కాళ్ళ రెసిస్టర్), రెండు 1ఎన్4148 డయోడ్లతో 555 కట్టుకోండి, పాట్ ఒకవైపు ఛార్జింగ్, రెండోవైపు డిశ్చార్జింగ్, ఎటు తిప్పినా రెండు ముక్కల మొత్తం అదే కాబట్టి ఫ్రీక్వెన్సీ దాదాపు కదలదు. రెండూ నిజంగా విడివిడిగా కావాలంటే 555ని పట్టుకుని వేలాడొద్దు, టీఎల్494 అనే ఐసీ తీసుకోండి. అందులో 5, 6 పిన్నుల కెపాసిటర్, రెసిస్టర్ ఫ్రీక్వెన్సీ చూసుకుంటాయి, 0.1 మైక్రోఫారడ్, 22 కిలో ఓమ్‌లు పెడితే 500 హెర్ట్జ్. డ్యూటీకి 14వ పిన్ను నుంచి గ్రౌండ్‌కి పాట్ పెట్టి మధ్య కాలు 4వ పిన్నుకి ఇవ్వాలి. లోపల రంపపు పళ్ళలాంటి వేవ్‌ని ఆ వోల్టేజీతో పోలుస్తుంది, వేవ్ ఎత్తు ఫ్రీక్వెన్సీతో మారదు, అందుకే డ్యూటీ చెదరదు. 13వ పిన్ను గ్రౌండ్ చెయ్యండి, 1, 16 కూడా గ్రౌండ్‌కి, 2, 15 మాత్రం 14కి కలపడం మర్చిపోవద్దు, వదిలేస్తే లోపలి యాంప్లిఫయర్లు అడ్డొచ్చి డ్యూటీ పిచ్చిపిచ్చిగా పోతుంది.

హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో ఆ ఐసీ తెచ్చి మొన్న ఆదివారం కట్టాను. వెలుగు ఎంత తగ్గించినా మీటర్ 500 దగ్గరే నిలబడుతోంది, సూది సూదిలాగే కనిపిస్తోందని అమ్మ చెప్పాకే ఆ పాత బోర్డు తీసి కంప్లైంట్ కాగితాలతో పాటు కవర్లో పెట్టా.